ఇంటి పన్నుకు దయ వద్దు, లెక్క కావాలె

బల్దియా ఎన్నికలు దగ్గరికొస్తే ఇంటి పన్ను తగ్గుతుంది. ఓట్లు డబ్బాల్లో పడ్డాక మళ్లీ నోటీసులు మొదలవుతాయి. పదేళ్లకు పైగా మన పట్టణాల్లో నడుస్తున్న తంతు ఇదే.

2015 డిసెంబర్‌లో ఏమన్నారు? హైదరాబాద్‌లో సొంతింట్లో ఉంటూ ఏడాదికి 1,200 రూపాయల లోపు పన్ను కట్టేవాళ్లు ఇకమీద 101 రూపాయలు కడితే చాలన్నారు. 2016 ఫిబ్రవరి 2న గ్రేటర్ హైదరాబాద్‌కు పోలింగ్ జరిగింది. 2020 నవంబర్‌లో ఏమన్నారు? దీపావళి కానుక అన్నారు. గ్రేటర్‌లో 15 వేల రూపాయల దాకా, మిగతా పట్టణాల్లో 10 వేల దాకా పన్ను కట్టే ఇండ్లకు 2020-21 సంవత్సరానికి సగం మాఫీ చేశారు. సర్కారు మీద సుమారు 326 కోట్ల భారం పడుతుందని కూడా చెప్పారు. 2020 డిసెంబర్ 1న గ్రేటర్‌కు పోలింగ్ జరిగింది. రెండుసార్లూ తగ్గింది మన పన్నే. రెండుసార్లూ ముహూర్తం పెట్టింది మాత్రం ఎన్నికల క్యాలెండర్.

ఇంకో సంగతి చూడండి. దీపావళి కానుక ఇచ్చిన రెండు నెలలకు, 2021 జనవరిలో, కేంద్ర ఆర్థిక శాఖ తెలంగాణకు 2,508 కోట్ల రూపాయల అదనపు అప్పు తెచ్చుకోవడానికి అనుమతి ఇచ్చింది. పట్టణ స్థానిక సంస్థల్లో సంస్కరణలు పూర్తి చేసినందుకు ఇచ్చిన బహుమతి అది. ఆ సంస్కరణల్లో మొదటిది ఏమిటి? ఇంటి పన్నుకు కనీస రేట్లను రిజిస్ట్రేషన్ విలువలకు తగ్గట్టు నోటిఫై చేయడం. అంటే గల్లీలో సగం మాఫీ పండుగ నడుస్తున్నప్పుడే, ఢిల్లీకి పోయిన కాగితాల్లో పన్నును భూమి ధరకు కట్టేసే ఒప్పుకోలు ఉన్నది. మొదటి ముచ్చట మైకుల్లో చెప్పారు. రెండోది ఎంతమందికి చెప్పారు?

పేదోడి రేకుల ఇంటికి 101 రూపాయలు కావడాన్ని మేం తప్పుపట్టడం లేదు. కరోనా ఏడాదిలో సగం మాఫీ దక్కిన ఉద్యోగిని, కిరాణా కొట్టాయనను మేం తక్కువ చేయడం లేదు. మేం అంటున్నది ఒక్కటే. ఇంటి పన్ను సరిగా ఉండడం మన హక్కు. దాన్ని కానుక కింద తీసుకున్నన్ని రోజులు లెక్క అడిగే నోరు మనకు రాదు.

మనది లెక్క అడిగిన ఉద్యమం

తెలంగాణ కొట్లాట పుట్టిందే లెక్క దగ్గర. 1956 నుంచి మన మిగులు నిధులు ఎటు పోయాయని అడిగితే 1969లో లలిత్ కమిటీ వేశారు. ఆ కమిటీ 34.10 కోట్లని తేల్చింది. తర్వాత జస్టిస్ భార్గవ కమిటీ వేశారు. అది 28.34 కోట్లని తేల్చింది. అంకెల మీద పేచీ ఉండొచ్చు. మిగులు ఉన్నదన్న మాటను మాత్రం రెండు కమిటీలూ కాదనలేకపోయాయి. జయశంకర్ సార్ ఏండ్ల తరబడి ఆ అంకెలను విడమరిచి చెప్పారు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న మూడు మాటలూ లెక్కల పుస్తకంలోంచి వచ్చినవే.

2011 ఫిబ్రవరి సహాయ నిరాకరణలో ఉద్యోగులు పెన్ను కింద పెట్టారు. అదే ఏడాది సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె నడిచింది. ఆ రోడ్ల మీద విద్యార్థులుగా మేమూ ఉన్నాం. అప్పుడు మన చేతిలో రాష్ట్రం లేదు కాబట్టి రాష్ట్రం లెక్క అడిగాం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు అడగాల్సిన లెక్క మన దర్వాజ దగ్గరే ఉన్నది. ఇంటి పన్ను రసీదు మీద ఉన్నది.

రాష్ట్ర బడ్జెట్ గురించి గంటసేపు మాట్లాడగలిగిన ఉద్యోగ సంఘం నాయకుణ్ణి అడిగి చూడండి. తన ఇంటి పన్ను ఏ లెక్కన వేశారో చెప్పలేడు. బిల్లు వస్తుంది, కడతాడు. ఎక్కువైంది అనిపిస్తే తిట్టుకుంటూ కడతాడు. ఉద్యమం నేర్పిన మొదటి పాఠాన్ని ఇంటి గుమ్మం దగ్గరే మరిచిపోయాం.

రసీదు వెనుక ఉన్న లెక్క

ఈ లెక్క బ్రహ్మవిద్య కాదు. హైదరాబాద్‌లో ఇంటి పన్నుకు ఆధారం 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం. మీ ఇల్లు కిరాయికిస్తే నెలకు ఎంత రావచ్చో ఒక విలువ కడతారు. ఆ ఏరియాకు చదరపు అడుగుకు ఇంత అని రేటు ఉంటుంది. ప్లింత్ ఏరియాను ఆ రేటుతో హెచ్చిస్తే నెల కిరాయి విలువ. దాన్ని పన్నెండుతో హెచ్చిస్తే ఏడాది కిరాయి విలువ. దాని మీద శాతం లెక్కన పన్ను.

ఆ శాతాలు ఇవి. నెల కిరాయి విలువ 50 రూపాయల దాకా ఉంటే పన్ను లేదు. 51 నుంచి 100 దాకా 17 శాతం. 101 నుంచి 200 దాకా 19 శాతం. 201 నుంచి 300 దాకా 22 శాతం. 300 దాటితే 30 శాతం. ఇంటి వయసును బట్టి కొంత తగ్గిస్తారు. 25 ఏండ్ల దాకా 10 శాతం, 40 ఏండ్ల దాకా 20 శాతం, ఆపైన 30 శాతం. వచ్చిన పన్ను మీద 8 శాతం లైబ్రరీ సెస్సు కలుపుతారు. ఇంతే.

చదరపు అడుగుకు రూపాయి రేటు ఉన్న గల్లీ ఒకటి అనుకుందాం. అందులో 300 చదరపు అడుగుల ఇల్లు ఒకటి, పక్కనే 380 చదరపు అడుగుల ఇల్లు ఒకటి. రెండూ కొత్తగా కట్టినవే. మొదటి ఇంటికి 22 శాతం. అన్నీ కలిపి ఏడాదికి 770 రూపాయలు. 1,200 లోపే కాబట్టి 2015లో గీసిన గీత ప్రకారం 101 కడితే చాలు. రెండో ఇంటికి 30 శాతం. అన్నీ కలిపి 1,330 రూపాయలు. గీత దాటింది కాబట్టి పైసా తగ్గదు. రెండిండ్ల మధ్య తేడా 80 చదరపు అడుగులు, ఒక చిన్న అర్ర. పన్నులో తేడా 1,229 రూపాయలు. లెక్కతో గీసిన గీత అయితే మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. ఓట్ల కోసం గీసిన గీత గోడలాగా నిలబడుతుంది.

ఇప్పుడు ఆ రెండో ఇంటి వయసు 30 ఏండ్లు అనుకోండి. వయసు తగ్గింపు 10 శాతం కాదు, 20 శాతం రావాలి. అప్పుడు పన్ను 1,182 రూపాయలు. గీత లోపలికి వచ్చింది. ఇక కట్టాల్సింది 101. రిజిస్టర్‌లో ఇంటి వయసు అన్న ఒక్క గడి సరిగా ఉంటే ఏడాదికి 1,229 రూపాయలు మిగులుతాయి. బీడీలు చుట్టే ఇంటికి, ఆటో నడిపే ఇంటికి అది ఎన్ని రోజుల కూలి? ఇల్లు ఏటేటా ముసలిదవుతుంది. రిజిస్టర్‌లో దాని వయసు కూడా పెరిగిందా లేదా అని మనలో ఎంతమంది చూసుకున్నారు?

మూడు వందల కిరాయి ఇప్పుడెక్కడుంది?

ఆ శ్లాబుల వైపు ఇంకోసారి చూడండి. నెలకు 300 రూపాయల కిరాయి దాటితే చివరి మెట్టు. బల్దియా రేట్లు బజారు కిరాయి కన్నా చాలా తక్కువే, ఒప్పుకుంటాం. అయినా రూపాయి రేటు ఉన్న చోట 301 చదరపు అడుగులకే 30 శాతం తగులుతుంది. ఒక అర్ర, వంటిల్లు, బాత్రూం ఉన్న కుటుంబం ఆ శ్లాబులో ఉంటుంది. బంజారాహిల్స్‌లో పది వేల చదరపు అడుగుల బంగ్లా కూడా అదే శ్లాబులో ఉంటుంది. అడుగు రేటు వేరు కావచ్చు. శాతం మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

నెలకు 300 రూపాయల కిరాయి అంటే పెద్ద కిరాయి అయిన కాలంలో ఉన్నోళ్ల కోసం పెట్టిన మెట్టు అది. కాలం మారింది, మెట్టు కదలలేదు. దానితో పేదోళ్లు, మధ్య తరగతి, కోటీశ్వరులు ఒక్క మెట్టు మీదే నిలబడ్డారు. ఇంటి పన్ను తగ్గించాలంటే సర్కారు మొదట చేయాల్సిన పని ఈ మెట్లను సరిచేయడం. ఆ పని ఏ మేనిఫెస్టోలో అయినా కనబడిందా? మాఫీ కనబడుతుంది. కానుక కనబడుతుంది. శ్లాబు మాత్రం కనబడదు. ఎందుకంటే శ్లాబు మారిస్తే అది చట్టమవుతుంది, ప్రతి ఏడాదీ అమలు కావాలి. కానుకైతే ఓట్లప్పుడు మళ్లీ ఇవ్వొచ్చు.

చాయ్ పైసల తగ్గింపు

మన దగ్గర ఇంటి పన్ను తగ్గించుకునే ఇంకో తొవ్వ ఉన్నది. అందరికీ తెలిసిందే, ఎవరూ రాయనిదే. ఇల్లు కొలవడానికి వచ్చినాయనకు కుర్చీ వేసి, చాయ్ పోసి, కవరు చేతిలో పెట్టడం. రెండంతస్తుల ఇల్లు ఒక అంతస్తు అవుతుంది. కింద నడిచే షాపు రాతలో ఇల్లవుతుంది. ఏసీబీకి దొరికిన బిల్ కలెక్టర్ల, ట్యాక్స్ ఇన్‌స్పెక్టర్ల వార్తలు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఇచ్చినోళ్ల పేర్లు మాత్రం ఆ వార్తల్లో ఉండవు.

ఈ తగ్గింపును మేం తగ్గింపు అనం. ఇది పక్కింటి మీదికి నెట్టడం. ఒకడు రెండో అంతస్తు దాచిపెడితే, ఆ గల్లీ మోరీ తీసే పైసలు, వీధి దీపం పైసలు దాచుకోనోడి జేబులోంచి పోవాలి. కవరు ఇచ్చే తాకతు లేని రిటైర్డ్ టీచర్ ఇంటికి పూర్తి కొలత. ఇచ్చే తాకతు ఉన్న నాలుగంతస్తుల యజమానికి సగం కొలత. సమైక్య పాలనలో మన ప్రాంతానికి ఏది జరిగిందని కొట్లాడామో, గల్లీ స్థాయిలో మనమే మన పక్కింటికి అది చేస్తున్నాం. చేదుగా ఉన్నా ఈ మాట చెప్పక తప్పదు.

పైగా అది ఖాయమైన తగ్గింపు కూడా కాదు. జీహెచ్ఎంసీ బయట ఉన్న మున్సిపాలిటీలకు, కార్పొరేషన్లకు 2019లో తెచ్చిన తెలంగాణ మున్సిపాలిటీల చట్టంలో సొంత మదింపు పద్ధతి పెట్టారు. మన ఇంటి కొలత మనమే రాసివ్వాలి. తప్పుడు కొలత రాసినట్టు తేలితే పన్నుకు 25 రెట్ల జరిమానా అని ఆ చట్టమే చెప్పింది. కవరు తీసుకున్నాయన బదిలీ మీద పోతాడు. 25 రెట్ల జరిమానా మన ఇంటి నంబరు మీద ఉంటుంది.

కట్టినోడికి ఐదు, ఎగ్గొట్టినోడికి తొంభై

పన్ను ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. ఏడాదికి 24 శాతం. ఇంటి అప్పు మీద బ్యాంకు తీసుకునే వడ్డీ కన్నా చాలా ఎక్కువ. మామూలు ఉద్యోగి ఈ వడ్డీకి భయపడి ఏప్రిల్‌లోనే లైన్లో నిలబడతాడు. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం రాయితీ ఇస్తారు కూడా.

ఏండ్లకేండ్లు కట్టనోడి సంగతేమిటి? 2020లో వన్ టైమ్ స్కీమ్ వచ్చింది. వడ్డీ బకాయిలో 90 శాతం మాఫీ. 2022లో మళ్లీ వచ్చింది. 2023 డిసెంబర్‌లో సర్కారు మారింది, జెండా రంగు మారింది. 2024 మార్చిలో అదే స్కీమ్, అదే 90 శాతం. 2025 మార్చిలో మళ్లీ అదే. ఒక్కసారి అని పేరు పెట్టి ఇన్నిసార్లు ఇస్తే బకాయిదారుకు అర్థమయ్యేది ఏమిటి? ఆగితే మళ్లీ వస్తుందని. టైముకు కట్టినోడికి 5 శాతం, ఎగ్గొట్టినోడికి 90 శాతం. మూలపన్ను కట్టాల్సిందే కదా అని అధికారులు అంటారు. నిజమే. మరి టైముకు కట్టడానికి చిట్టీ ఎత్తిన మనిషికి ఎవరు జవాబు చెబుతారు?

బకాయిదారుల్లో చిన్నోళ్లూ ఉన్నారు. రోగమొచ్చి, కొలువు పోయి కట్టలేకపోయినవాళ్లున్నారు. వాళ్లకు వడ్డీ మాఫీ చేయడం న్యాయం. కానీ ఒంటిగది ఇంటికి, కమర్షియల్ కాంప్లెక్స్‌కు ఒకే 90 శాతం ఎందుకు? ఇక సర్కారు దఫ్తర్ల బకాయిల ముచ్చట ఏండ్లుగా వింటూనే ఉన్నాం. రాజ్యాంగం 285వ అధికరణ ప్రకారం కేంద్రం ఆస్తుల మీద బల్దియా పన్ను వేయరాదు, సర్వీసు చార్జీలు తీసుకుంటుంది. రాష్ట్ర సర్కారు దఫ్తర్లకు ఆ సాకు లేదు. అయినా ఆ గోడల మీద రెడ్ నోటీసు అంటించరు. మన గేటు మీద అంటిస్తారు.

లైబ్రరీలో కూర్చున్న పిల్లలది కూడా

విద్యార్థి మిత్రులు ఇది ఇల్లున్నోళ్ల ముచ్చట అనుకోవద్దు. మనం కట్టే ప్రతి వంద రూపాయల ఇంటి పన్ను మీద 8 రూపాయలు లైబ్రరీ సెస్సు. అది గ్రంథాలయ సంస్థకు పోవాల్సిన సొమ్ము. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దుగాల నుంచి రాత్రి దాకా గ్రూప్స్‌కు చదివే పిల్లల కుర్చీ, ఫ్యాను, పుస్తకం అందులోంచి రావాలి. జిల్లా కేంద్రాల్లో లైబ్రరీ చెట్టు కింద చాప వేసుకుని చదివే పిల్లలది కూడా అదే పద్దు.

స్థానిక సంస్థలు ఈ సెస్సును జనం దగ్గర వసూలు చేసి, గ్రంథాలయ సంస్థలకు బకాయి పడడం పాత రోగం. మన దగ్గర 24 శాతం వడ్డీతో వసూలు చేసే బల్దియా, పిల్లల పుస్తకాల పైసలు ఆపితే ఎంత వడ్డీ కడుతుంది? నియామకాల కోసం కొట్లాడిన రాష్ట్రంలో, నియామకాలకు చదివే పిల్లల సొమ్ము ఏ ఖాతాలో ఆగిందో అడగడానికి ఏ విద్యార్థికీ ఇల్లు ఉండాల్సిన పని లేదు. కిరాయి అర్రలో ఉన్నా ఆ పన్ను కిరాయిలో కలిసే ఉంటుంది.

ఊరు బల్దియాలో కలిసినప్పుడు

2007లో హైదరాబాద్ కార్పొరేషన్‌లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్ చేశారు. అది సమైక్య సర్కారు చేసిన పని. 2025 డిసెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల 27 మున్సిపాలిటీలను, కార్పొరేషన్లను కలిపారు. ఇది మన సర్కారు చేసిన పని. రెండుసార్లూ అడగాల్సిన ప్రశ్న ఒకటే. బోర్డు మారిన చోట పన్ను ముందు మారుతుందా, నల్లా ముందు వస్తుందా?

1990 నాటి పన్ను మదింపు రూల్స్‌లోనే దీనికి జవాబు ఉన్నది. ఏరియాలను జోన్లుగా విడగొట్టేటప్పుడు నీళ్లు, వీధి దీపాలు, రోడ్లు, మోరీలు, బజార్లు, బడులు, దవాఖానలు ఎట్లా ఉన్నాయో చూడాలని ఆ రూల్స్ చెబుతాయి. అంటే సౌలతులను బట్టి రేటు. ట్యాంకర్ నీళ్లతో బతికే కాలనీకి నల్లా వచ్చే కాలనీ రేటు వేస్తే, మన అసంతృప్తి ఒక్కటే కాదు, రూల్స్ కూడా మన వైపే ఉంటాయి. కాలనీ సంక్షేమ సంఘాలు ఈ సంగతి పట్టుకోవాలి.

పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి కిరాయి విలువ పద్ధతి తీసేసి ఆస్తి మూలధన విలువ మీద పన్ను పెట్టారు. ఏడాదికి 15 శాతం కన్నా పెంచకూడదని కట్టు వేశారు. 15వ ఆర్థిక సంఘం కూడా పట్టణాలకు గ్రాంట్లు రావాలంటే ఇంటి పన్నుకు కనీస రేట్లు నోటిఫై చేయాలని, రాష్ట్ర ఆదాయంతో పాటు పన్ను వసూలు పెరగాలని షరతు పెట్టింది. గాలి ఎటు వీస్తున్నదో తెలుస్తూనే ఉన్నది. వనస్థలిపురంలో ముప్పై ఏండ్ల కింద ప్లాటు కొని ఇల్లు కట్టుకున్న ఎన్జీవో ఉద్యోగికి భూమి ధర కాగితం మీద కోట్లకు పోయి ఉండొచ్చు. ఆయన పెన్షన్ భూమి ధరతో పాటు పెరగలేదు. ఉండే ఇల్లు అమ్ముకుంటేనే ఆ విలువ చేతికొస్తుంది. అమ్ముకోనోడి దగ్గర అమ్మకం ధర మీద పన్ను అడగడం ఏ న్యాయం?

తగ్గించుకునే హక్కు మనకున్నది

సర్కారు మెట్లు మార్చేదాకా ఊకుండాల్సిన పని లేదు. ఈ చట్టంలోనే చేయగలిగింది చాలా ఉన్నది.

రసీదు చూస్తే లాభం లేదు, అసెస్‌మెంట్ వివరం చూడాలి. మీ పన్ను నంబరు కింద రాసిన ప్లింత్ ఏరియా ఎంత, చదరపు అడుగుకు రేటెంత, ఇల్లని రాశారా దుకాణమని రాశారా, కట్టడం వయసెంత. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది, దరఖాస్తు పెట్టండి. టేపు పట్టుకుని మీరే కొలవండి. బాల్కనీ కూడా ప్లింత్ ఏరియాలో కలుస్తుందని యాది పెట్టుకోండి. వెయ్యి చదరపు అడుగుల ఇల్లు 1,200 అని రాసి ఉంటే, రూపాయి రేటు ఉన్న చోట ఏడాదికి 700 రూపాయలు అదనంగా పోతున్నట్టే. ముందర్రలో షట్టర్ దుకాణం ఎప్పుడో మూసేసినా రిజిస్టర్‌లో అది కమర్షియల్‌గానే ఉండొచ్చు. కమర్షియల్ రేటు ఇంటి రేటు కన్నా చాలా ఎక్కువ. దాన్ని మార్పించుకోండి.

ఎవరికి ఏ మినహాయింపు ఉన్నదో తెలుసుకోండి. మాజీ సైనికులు సొంతింట్లో ఉంటే మినహాయింపు ఉన్నది. ఇల్లు ఖాళీగా ఉంటే ఆ కాలానికి తగ్గింపు అడగొచ్చు, అయితే ఖాళీ అయినప్పుడే బల్దియాకు రాసివ్వాలి, తర్వాత చెబితే నడవదు. జీహెచ్ఎంసీ బయటి పట్టణాల్లో 75 చదరపు గజాల లోపు జాగలో కట్టుకున్న చిన్న ఇంటికి ఏడాదికి 100 రూపాయల పన్ను అని 2019 చట్టం చెప్పింది.

తప్పు కనబడితే రివిజన్ పిటిషన్ రాయండి. నోటీసు మీద ఉన్న గడువు దాటనివ్వొద్దు. నోటితో చెప్పిన మాట గాలికి పోతుంది, ముద్ర వేసిన కాగితం ఫైల్లో ఉంటుంది. అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోకుండా కౌంటర్ దగ్గరి నుంచి కదలొద్దు. కమిషనర్ దగ్గర న్యాయం జరగకపోతే కోర్టుకు అప్పీలు చేసుకునే దారి చట్టంలోనే ఉన్నది. కొట్లాట నడిచేటప్పుడు పన్ను ఆపేస్తే నెలకు 2 శాతం వడ్డీ పెరుగుతుంది. అందుకే ముందు కట్టి, తర్వాత కొట్లాడడం మేలు.

ఒక్కరు పోతే బతిమాలినట్టుంటుంది. గల్లీ మొత్తం పోతే అడిగినట్టుంటుంది. ఉద్యోగ సంఘాలకు లెక్కలు తెలిసినవాళ్లున్నారు. విద్యార్థి సంఘాలకు తిరిగే కాళ్లున్నాయి. ఒక ఆదివారం ఒక కాలనీలో టేబుల్ వేసి కూర్చుని, వచ్చినవాళ్ల అసెస్‌మెంట్ చూసి, పిటిషన్ రాసిపెట్టొచ్చు. కొలత తక్కువ రాయించుకున్నవాళ్లు కూడా అక్కడే బయటపడతారు. బయటపడాలి కూడా.

మేం అడుగుతున్నవి ఇవి

300 రూపాయల దగ్గర ఆగిపోయిన శ్లాబులను సవరించాలి. చిన్న ఇంటికి చిన్న శాతం, పెద్ద బంగ్లాకు పెద్ద శాతం ఉండాలి. ఇంటి వయసు తగ్గింపు ఎవరూ అడగకుండానే ఏటా లెక్కలో పడాలి. బిల్లు మీద మొత్తం ఒక్కటే కాకుండా కొలత, రేటు, శాతం, వయసు, సెస్సు అన్నీ అచ్చు వేయాలి. ప్రతి వార్డులో ఎంత వసూలైందో, ఎంత ఖర్చైందో వార్డు ఆఫీసు గోడ మీద తెలుగులో, ఉర్దూలో రాయాలి. వడ్డీ మాఫీ చిన్న ఇండ్లకే పరిమితం కావాలి. సర్కారు దఫ్తర్లు ముందు తమ బకాయి కట్టి, తర్వాత మన గేటు దగ్గరికి రావాలి. లైబ్రరీ సెస్సు వసూలైన నెలలోనే గ్రంథాలయ సంస్థకు చేరాలి.

వీటిలో ఒక్కటి కూడా కానుక కాదు. ఒక్కటి కూడా ఎన్నికల దాకా ఆగాల్సింది కాదు. రాష్ట్రం మిగులు నిధుల్లో పైసా పైసా లెక్క అడిగిన మనుషులం మనం. 380 చదరపు అడుగుల ఇంటి లెక్క అడగలేమా? రేపు మళ్లీ బల్దియా ఎన్నికలొస్తాయి. మళ్లీ ఎవరో ఒకరు మైకు పట్టుకుని ఇంటి పన్ను తగ్గిస్తాం అంటారు. అప్పుడు చప్పట్లు కొట్టే ముందు ఒక్క మాట అడగండి: ఏ శ్లాబులో, ఏ చట్టంలో, ఎన్ని ఏండ్లకు?

జై తెలంగాణ.